విని ఊరుకునేవాళ్లు

రంపం ఆపి, చేతులు రెండుసార్లు కడిగి
విసాగినాస్ క్యాంటీన్‌లో నల్లరొట్టె తింటుంటే
ఫాయినా అర్కాద్యెవ్నా అడిగింది:
"నువ్వు ముక్కలు చేస్తున్నదేమిటో
నీకెవరైనా చెప్పారా?"

పైపులు, అన్నాను.

నవ్వింది. డెబ్బై రెండేళ్ల నవ్వు,
పై వరసలో ఒక పన్ను ఉక్కుది.
ఏ పైపులో ఏం పారిందో గుర్తున్నవాళ్లు
ఇంకెవరూ లేరని
ఆవిడను పెన్షన్ నుంచి వెనక్కి పిలిచారు.

"పుకారు ఎలా పుడుతుందో తెలుసుగా.
ఒకరు నోరు జారతారు.
ఆ మాట ఇంకొకరికి తగిలి, వాళ్లు పగిలి,
వాళ్లలోంచి రెండో మూడో మాటలు.
యురేనియం అంతే.
నిండుగా, బరువుగా,
ఎవరైనా తాకితే చాలు విరగడానికి.
విరిగినప్పుడల్లా వేడి.
వేడికి నీళ్లు కాగుతాయి, ఆవిరి చక్రం తిప్పుతుంది.
మిగతాదంతా సమోవారే.

కానీ పరుగెత్తే మాట ఎవరి చెవికీ ఎక్కదు.
నెమ్మదించాలి.
అందుకే గ్రాఫైట్ దిమ్మెలు పేర్చాం,
నీ పెన్సిల్ ములుకులోని నలుపే.
మరి ఊరు ఊరంతా అంటుకోకుండా?
దానికి కొందరుండాలి.
విని ఊరుకునేవాళ్లు.
బోరాన్ కడ్డీలు.
చెవిన పడ్డది కడుపులోనే దాచుకుంటాయి."

ఇరవై ఆరేళ్లు ఆవిడ పని అదే.
ఎందరు మాట్లాడాలో
ఎందరు మౌనంగా ఉండాలో
వేలి కొసలతో లెక్క చూడడం.

ఆ లెక్క మీదే
దేశంలో నాలుగు దీపాలకు మూడు వెలిగాయి.
చిటికెన వేలి కొసంత గుళిక
టన్ను బొగ్గు చేసే పని చేసి
చిటికెడు పొగ వదల్లేదు.
నేను పుట్టిన ఆసుపత్రి గోడలు
జనవరిలో వెచ్చగా ఉన్నాయంటే దాని చలవే.
(చలవ! ఆ మాటకు ఆవిడ మళ్లీ నవ్వింది.)
ద్రూక్షియాయ్ సరస్సు ఒక పక్క గడ్డకట్టేది కాదు.
విగాంతస్ తాత మంచులో నిలబడి
ఒట్టి చేతుల్తో బ్రీమ్ చేపలు తీసేవాడు.

మంచిదా, చెడ్డదా? అడిగాను.
దోసకాయ ఊరగాయ కొరుకుతూ
"ఈ నెల కరెంటు బిల్లు చూశావా" అంది.

తర్వాత, పక్కన ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి:
"మొదటి శీతాకాలం, పరీక్షలప్పుడు
కడ్డీలన్నీ ఒక్కసారి దింపి చూశాం.
ఆగాలి. ఆగింది.
కానీ ఆగేముందు, ఒక్క క్షణం,
ముల్లు పైకి లేచింది.
ఊరుకోబెట్టమని పంపినవాళ్లే
గుమ్మంలో ఒక కేక పెట్టి లోపలికి వెళ్లినట్టు.
కాగితం మీద రాశారు. పైకి పంపారు.
పైవాళ్లు విన్నారు."

రొట్టె తుంపులు అరచేత్తో ఒక దగ్గరికి చేర్చింది.

"విని ఊరుకున్నారు."

రెండేళ్లు దాటాక ఏప్రిల్లో
దక్షిణాన, ఇదే నమూనా, ఇవే కడ్డీలు.
ఆ ఊరి పేరు ఆవిడ ఎత్తలేదు.
హాస్టల్లో ఆవిడతో గది పంచుకున్న రాయా
అక్కడ రాత్రి షిఫ్టులో ఉండేదని
ఎవరో చెప్పగా విన్నాను. అంతే తెలుసు.

మాది ఆపేసింది వేరే ఏట, డిసెంబరు చివరి రాత్రి,
కొత్త సంవత్సరానికి గంట ముందు.
"ఆపితే ఆరిపోయిందనుకోకు.
పోట్లాడుకున్న ఇంట్లో మర్నాడూ
గాలి బరువుగా ఉంటుంది చూడు, అలా.
ఏళ్లు నీళ్లలో చల్లార్చాలి.
ఆ తర్వాత పీపాలు, ఆ తర్వాత ఏ రాతి కిందో.
మనం వెలిగించుకున్న దీపం ఏదో
ముని మనవళ్లకు తెలియదు.
కాపలా మాత్రం వాళ్లదే."

మరుసటి చలికాలం సరస్సు మొత్తం గడ్డకట్టింది.
విగాంతస్ తాత గునపంతో మంచు పగలగొట్టి
ఆ కన్నంలోకి చాలాసేపు చూశాడట,
గాలం వేయకుండానే.

సాయంత్రం గేటు దగ్గర యంత్రంలోకి ఎక్కి
రెండు చేతులూ గూళ్లలో పెట్టి నిలబడ్డాను.
నా ఒళ్లు ఏమైనా మాట్లాడుతోందేమోనని
అది పది సెకన్లు వింటుంది.
ఆకుపచ్చ దీపం.
ఏమీ లేదంది.
లేదో,
విని ఊరుకుందో.